సూదమ్మ అడిగిన తీరు

"వీనికి గూడా వచ్చేసిందా? మా అన్నకొచ్చినట్లే వీనికీ వచ్చేసిందా? ఉండేది ఉన్నట్ల చెప్పు దయామణమ్మా."

పుంగనూరు హైస్కూలు వరండాలో బెంచీ మీద కూర్చున్న దయామణి ముందు బిడ్డ చెయ్యి తన వైపు తీసుకుంది. అడిగినవాడు ఆ స్కూల్లోనే సైన్సు చెప్పే చెంగల్రాయుడు. ఆయన చంకలో కొడుకు ముద్దుకృష్ణ ఉన్నాడు. రెండేళ్ళు ఇంకా నిండలేదు. తండ్రి చొక్కా గుండీ నోట్లో పెట్టుకుని చప్పరిస్తున్నాడు. వాడి ఎడమ ముంజేతి మీద, మూడు రోజుల కిందట దయామణి పరీక్ష సూది వేసిన చోట, అర్ధరూపాయి బిళ్ళంత ఎర్రటి వాపు లేచింది. నడుమ చిన్న నీటిబొబ్బ, దాని అంచున కాటుక చుక్కలాంటి నల్ల మచ్చ. దయామణి చిన్న స్కేలు ఆనించి వాపును కొలిచింది. బిడ్డ చెయ్యి లాక్కుంటే పట్టుకుని మళ్ళీ కొలిచింది.

"వాపుండాదప్పా. పురుగు ఒంట్లోకి పోయినట్లే లెక్క. అది జబ్బుగా బయట పడుతుందో, అట్లే అణిగి పోతుందో నేను చెప్పలేను. మదనపల్లెకు తీసుకపోయి ఎక్స్‌రే తీయించు. టీకా మాత్రం వీనికి వేయము."

చెంగల్రాయుడు తల ఊపాడు. ఆమె చెప్పకుండా వదిలేసిన సంగతి కూడా ఆయనకు తెలుసు. మదనపల్లెలో ఇంటరు, మద్రాసులో బి.ఎస్సీ. చదివిన మనిషి. క్షయ క్రిమి పెద్దవాళ్ళ ఒంట్లో ఏళ్ళ తరబడి కదలకుండా పడి ఉంటుందనీ, పసిబిడ్డల్లో అట్లా ఉండదనీ, ఒక్కొక్కసారి మెదడు పొరలకు ఎక్కుతుందనీ ఎప్పుడో చదివాడు. పరీక్షకోసం చదివి మరిచిపోయిన ఆ పేజీ ఇప్పుడు కళ్ళ ముందు నుంచి పోవడం లేదు.

అది 1949. క్షయకు కొత్త టీకా వచ్చిన రోజులు. ఒక డాక్టరు, ఇద్దరు నర్సులు, ఒక సామాన్ల పెట్టెతో టీకా జట్టు ఊళ్ళు తిరుగుతోంది. టీకా నేరుగా వేయరు. ముందు ముంజేతి తోలులో పరీక్ష సూది వేసి మూడో రోజు చూస్తారు. ఆ చోటు చదునుగా ఉంటే ఆ మనిషికి క్షయ క్రిమి ఇంకా సోకలేదని అర్థం, కాబట్టి టీకా వేస్తారు. వాచి గట్టిపడితే క్రిమి ముందే ఒంట్లో చేరిందని అర్థం. అప్పుడు టీకాతో పని లేదు, జబ్బు ఉందో లేదో చూడాలి. విషయం ఇంతే. ఇల్లిల్లూ తిరిగి జనాన్ని సూదికి ఒప్పించి, వాళ్ళను మూడో రోజు మళ్ళీ రప్పించడం దయామణి పని.

దయామణిది మదనపల్లె. మిషన్ ఆసుపత్రి వెనుక వీధిలో పుట్టింది. తండ్రి జేమ్స్ ఆసుపత్రి జట్కా తోలేవాడు. మిషన్ బడిలో ఎనిమిదో తరగతి దాకా చదివి, నర్సు పని నేర్చుకుని, అక్కడే కాంపౌండరుగా ఉన్న విల్సన్‌ను పెళ్ళి చేసుకుంది. పెళ్ళయిన కొన్నేళ్ళకే విల్సన్ టైఫాయిడ్‌తో పోయాడు. కూతురు రూతును తల్లి దగ్గర వదిలి దయామణి ఊళ్ళు తిరిగే పని అడిగి మరీ వేయించుకుంది. వార్డులో పడుకున్న రోగి ఏం చెప్పినా సరేనంటాడనీ, తన ఇంటి గడపలో నిలబడిన మనిషైతే ఎదురడుగుతాడనీ, ఎదురడిగేవాళ్ళతోనే తనకు పొద్దు పోతుందనీ ఆమె అనేది.

యుద్ధం రోజుల్లో పుంగనూరు, కుప్పం వైపు మశూచి వచ్చింది. సర్కారు టీకాలాయన మగమనిషి కాబట్టి ఘోషా ఇళ్ళలోకీ, బాలింతల గదుల్లోకీ రానివ్వలేదు. ఆయన వెంట దయామణిని పంపారు. ఆ ఏడాదే ఆమెకు పుంగనూరు సాయిబుల వీధిలో ఉర్దూ వచ్చింది, కుప్పంలో తమిళం వచ్చింది, గుడుపల్లె అవతలి పల్లెల్లో కన్నడం వచ్చింది. ఏదీ పూర్తిగా రాదు. తప్పుగా మాట్లాడితే ఆడవాళ్ళు నవ్వి దిద్దేవాళ్ళు. ఆ నవ్వుల మధ్యలోనే ఆమె బిడ్డ చెయ్యి పట్టుకుని టీకా గీరేసేది. జనం ఆమెకు సూదమ్మ అని పేరు పెట్టారు.

తాను చెప్పిన మాట అవతలివాళ్ళకు మరో రకంగా చేరుతుందన్న సంగతి ఆమెకు కొత్త కాదు. కుప్పంలో ఒక తమిళుల ఇంట్లో క్షయ పట్టిన ముసలాయనకు పరుపూ దుప్పటీ రోజూ ఎండలో వేయమని చెప్పి వచ్చింది. తర్వాత పోయి చూస్తే పరుపుతో పాటు ముసలాయనను కూడా మిద్దె మీద ఎండలో పడుకోబెట్టి ఉన్నారు. ఆయన మొహం మాడిపోయి ఉంది. ఈ మందు కంటే జబ్బే సుఖంగా ఉండిందని ఆమెతో మొరపెట్టుకున్నాడు. ఆ సంగతి దయామణి ఎక్కడికి పోయినా చెప్పి నవ్వించేది.

మశూచి టీకాకు ఒక గుర్తు ఉండేది. గీరిన చోట పొక్కు లేవాలి. లేస్తే టీకా పట్టినట్టు. లేవకపోతే వృథా, మళ్ళీ గీరాలి. "లేస్తే బిడ్డకు రక్ష, లేయకపోతే మళ్ళా వస్తా" అని దయామణి ఆ ఏడాదంతా నాలుగు భాషల్లో చెప్పింది. ఆమె చెప్పిన నూరు సంగతుల్లో జనం గట్టిగా పట్టుకున్నది ఇదొక్కటే.

చెంగల్రాయుడి ఇంట్లో క్షయ ఇంతకుముందే ఒక మనిషిని తీసుకుపోయింది. రెండేళ్ళ కిందట అన్న రామమూర్తి ఆ ఇంట్లోనే పోయాడు. చివరి రోజుల్లో అన్నీ తల్లి రుక్మిణమ్మే చేసింది. మూకుడులో ఉమ్మి ఎత్తి, బూడిద పోసి, పెరట్లో పాతిపెట్టింది. అన్నం కలిపి నోటికి అందించింది. ఇప్పుడామెకు తెల్లవారుజామున కాస్త దగ్గు వస్తుంది. వయసు దగ్గని ఇంట్లో ఎవరూ పట్టించుకోలేదు. స్కూలు నుంచి ఇంటికి బిడ్డను ఎత్తుకుని నడిచినంతసేపూ చెంగల్రాయుడికి ఆ దగ్గే వినబడింది.

ఇల్లు చేరగానే తల్లికి చెప్పేశాడు. బిడ్డను ఎత్తుకోవద్దు, ముద్దు పెట్టుకోవద్దు. పడక వీధి వసారాలోకి మార్చుకో. నీ కంచం, నీ చెంబు వేరుగా పెట్టుకో.

రుక్మిణమ్మ అప్పుడే మనవడికోసం చేతులు చాచి ఉంది. ఆ చేతులు అట్లాగే కిందికి దించింది.

"నా వల్లనేనా రాయుడా?"

"నీ వల్ల కాకపోతే ఇంకెవురి వల్ల?"

ఆమె చాప చుట్టుకుని వసారాలోకి పోయింది. కోడలు కృష్ణవేణి వంటింటి గడపలో నిలబడి ఏదో చెప్పబోయి ఆగింది. చెంగల్రాయుడు ఆమె వైపు తిరిగి, బిడ్డ చేతికి ఏమైనా పూశారా, ఆ నల్ల మచ్చ ఏమిటని గట్టిగా అడిగాడు. దిష్టి చుక్క, ఇంకేమీ లేదంది కృష్ణవేణి.

ఆ ఇంట్లో అట్లాంటి జవాబు రావడానికి కారణం ఉంది. అంతకు ముందు ఏడాది బిడ్డకు వాంతులు పట్టుకుంటే రుక్మిణమ్మ పొట్ట మీద వాత పెట్టించడానికి పక్క వీధి ముసలమ్మను పిలిపించింది. సమయానికి చెంగల్రాయుడు వచ్చి నానా రభస చేశాడు. కాలిన కడ్డీనే కాకుండా వసకొమ్మునూ, పసరు గిన్నెనూ, కనబడినవన్నీ వీధిలోకి విసిరేశాడు. వాత ఆగిపోయింది, అది మంచిదే. కానీ ఆ రోజు నుంచి ఆడవాళ్ళు చేసేవి చేస్తూనే ఉన్నారు, ఆయనకు చెప్పడం ఒక్కటి మానుకున్నారు.

ఎక్స్‌రేకు మదనపల్లెలో పై వారం రమ్మన్నారు. ఆ వారం ఆ ఇంట్లో ఎవరికీ సరిగా తిండి లేదు. ముద్దుకృష్ణ పొద్దున లేవగానే నానమ్మకోసం వసారా తలుపు దగ్గరికి పోయి అరచేతులతో కొట్టేవాడు. అవతల రుక్మిణమ్మ పలికేది కాదు. పలికితే వాడు ఇంకా ఏడుస్తాడని వీధి వైపు మొహం తిప్పుకుని కూర్చునేది. చెంగల్రాయుడు గంటకొకసారి బిడ్డ నుదురు తాకి చూసేవాడు. వాడు కాస్త ఎక్కువసేపు నిద్రపోతే మెడ వంగుతోందా, బిగుసుకుందా అని తల కింద చెయ్యి పెట్టి ఎత్తి చూసేవాడు. బిడ్డ ఉలిక్కిపడి ఏడ్చేవాడు. కృష్ణవేణి లాక్కుని తీసుకుపోయేది.

ఆలోగా టీకా జట్టు పలమనేరు, బైరెడ్డిపల్లె మీదుగా కుప్పం చేరింది. రైలు కట్ట పక్క వీధిలో సూదులు వేసి, మూడో రోజు చేతులు చూడటానికి దయామణి వెళ్ళింది. ఇడ్లీలమ్మే సావిత్రమ్మ అందరికంటే ముందు వచ్చి నిలబడింది. ఇంట్లో తమిళం, వీధిలో తెలుగు మాట్లాడే మనిషి. మనవడి చెయ్యి పట్టుకుని, బడిలో బహుమతి వచ్చినట్టు ముందుకు చాపింది. ముంజేతి మీద పెద్ద బొబ్బ. వెనకాల పక్కింటి బిడ్డకూ బొబ్బే. ఎదురింటి ఇద్దరికీ అంతే.

దయామణి లెక్క వేసుకుంది. ఇంతమంది పిల్లలకు సోకిందంటే ఈ వీధిలో ముదిరిన రోగి ఎవరో ఉండాలి. దగ్గేవాళ్ళెవరు, రక్తం పడేదెవరికి అని ఇల్లిల్లూ విచారించింది. ఎవరూ లేరు. తిరిగి వచ్చి సావిత్రమ్మ మనవడి చెయ్యి వెలుతురుకు తిప్పి చూసింది. సూది దిగిన చుక్క ఒక చోట ఉంది, బొబ్బ దానికి బొటనవేలంత దూరంలో ఉంది. బొబ్బ అంచున నల్లటి మరక. తడిగుడ్డతో తుడిచింది. కాటుకైతే పోవాలి. పోలేదు.

సావిత్రమ్మ ఆమెకు శ్రమ లేకుండా తానే చెప్పింది. "లేపినాము కదా సూదమ్మా. పోయిన తూరి లేయలేదని నువ్వు మళ్ళా గీరితివే, బిడ్డ ఒకటే ఏడుపు. ఈ తూరి నీకెందుకా కష్టమని మేమే జీడి పెట్టేసినాము."

నల్లజీడి అంటే చాకళ్ళు బట్టల మీద గుర్తులు వేసే గింజ. వేడి చేసి గుచ్చితే నల్లటి నూనె ఊరుతుంది. అది తోలుకు తగిలితే మరకా పోదు, బొబ్బా ఆగదు. బిడ్డలకు కడుపునొప్పి వచ్చినా, జ్వరం వచ్చినా జీడి చుక్కలు పెట్టడం ఆ సీమలో పాత అలవాటు. మశూచి టీకా లేవనప్పుడు రెండోసారి గీరే బాధ తప్పించడానికి కూడా కొందరు ఆడవాళ్ళు దాన్నే వాడుతూ వచ్చారు. ఆ మాట దయామణికి ఎవరూ చెప్పలేదు, ఆమె అడగనూ లేదు.

ఆమె సావిత్రమ్మ అరుగు మీద కూర్చుంది. ఈ కొత్త సూది వేసేటప్పుడు ఆమె ఏం చెప్పింది? క్షయకు సూది అంది, మూడో రోజు చూపించమంది. వాస్తే క్రిమి ఉన్నట్టని ముందే చెబితే జనం భయపడి రారని జట్టంతా అనుకుని ఆ మాట దాచింది. కొత్త సూది సంగతి చెప్పకపోయేసరికి జనం పాత సూది సంగతే దీనికీ అతికించుకున్నారు. పాత సంగతి నేర్పింది తానే.

అప్పుడామెకు పుంగనూరులో సైన్సు అయివారి కొడుకు చెయ్యి గుర్తుకొచ్చింది. ఆ నల్ల మచ్చను ఆమె తుడిచి చూడలేదు. సగం మంది పిల్లలకు ఎక్కడో ఒకచోట దిష్టి చుక్క ఉంటుంది, ఎందరిదని తుడుస్తుంది? డాక్టరుకు సంగతి చెప్పి, రెండో నర్సుకు పని అప్పగించి, మరుసటి రోజు పుంగనూరు బస్సెక్కింది.

ఆమె చేరేసరికి మధ్యాహ్నం. ఆదివారం కావడంతో చెంగల్రాయుడు ఇంట్లోనే ఉన్నాడు. వసారాలో రుక్మిణమ్మ ఒక్కతే కూర్చుని దూదితో వత్తులు చేస్తోంది. పక్కన వేరు చెంబు, వేరు కంచం. దయామణి అరుగెక్కి ఆమె చాప మీదే కూర్చుంది.

"దూరంగా కూర్సో సూదమ్మా. నాకు జబ్బంట. నాకైతే తెలీదు గానీ మావాడు సదువుకున్నోడు కదా, వానికి తెలుసు."

ఆ ఎత్తిపొడుపు తలుపు అవతలికి వినబడాలనే అంది. దయామణి నవ్వి, కాస్త దూది తనకూ ఇమ్మని అడిగి, తానూ ఒక వత్తి నలిపింది. అది వంకరగా వచ్చింది. రుక్మిణమ్మ దాన్ని విప్పి చేసి చూపించింది. వానల గురించి, రూతు చదువు గురించి కాసేపు మాట్లాడుకున్నారు. ఆ తర్వాత, ఏదో వంట గురించి అడిగినట్టు, దయామణి అడిగింది.

"కుప్పంలో సూది లేయడానికి జీడి పెడతారంటమ్మా. మీ పక్క ఏం పెడతారు?"

"మేమూ జీడే. కాకపోతే వాళ్ళు చానా పెట్టేస్తారు, బిడ్డ తోలు ఊడొస్తాది. నేనైతే సూదిమొనంత తాకిస్తా, అంతే. మావానికి గూడా అంతే పెట్టినా. ఎంత సక్కగా లేసిందో నువ్వే సూసినావు కదా."

తలుపు అవతల ఏదో కింద పడిన చప్పుడైంది. రుక్మిణమ్మ చేతిలో వత్తి వైపే చూస్తూ, గొంతు తగ్గించి ఇంకో మాట అంది. "పోయిన పెద్దోనికి ఏ సూదీ లేకపాయ. ఈనికన్నా పట్టాల కదా."

చెంగల్రాయుడు తలుపు తీసుకుని వచ్చి నిలబడ్డాడు. నోరు తెరవబోతే దయామణి చెయ్యి ఎత్తి ఆపింది. ముందు రుక్మిణమ్మకే చెప్పింది. ఇది మశూచి సూది లాంటిది కాదనీ, ఇది లేవకపోతేనే మంచిదనీ, లేస్తే జబ్బు పురుగు ఒంట్లో ఉన్నట్టనీ చెప్పింది. ఆ మాట సూది వేసిన రోజే చెప్పి ఉండాల్సింది, చెప్పకపోవడం తన తప్పంది.

రుక్మిణమ్మ చేతిలో వత్తి పక్కన పెట్టింది. తర్వాత కొడుకు వైపు చూసింది.

"అయితే నేను జీడి పెట్టినందుకా నన్ను ఈడ పడేసినావు?"

ఆయన దయామణి వైపు తిరిగాడు. ఇంకో భయం బయటపెట్టాడు. జీడితో బొబ్బ లేచింది నిజమే కావచ్చు. ఆ బొబ్బ కింద సూది వాపు కూడా ఉండి ఉంటే? ఒకటి ఉన్నంత మాత్రాన రెండోది లేనట్టు కాదు కదా. ఆ ప్రశ్న సరైనదేనని దయామణి ఒప్పుకుంది. కుడి చేతికి మళ్ళీ పరీక్ష సూది వేద్దామంది. అంతవరకూ ఎవరూ ఆ చేతికి నీళ్ళు తప్ప మరేమీ తాకించకూడదు.

బిడ్డకు సూది వేసిన తర్వాత చెంగల్రాయుడు తల్లి దగ్గరికి పోయి ఆ జీడిగింజ ఎక్కడుందని అడిగాడు. పారేస్తాడనుకుని ఆమె మొదట కదలలేదు. తనకే కావాలని ఆయన చెప్పాక చీర కొంగు ముడి విప్పి ఇచ్చింది. ఆయన దాన్ని దీపం సెగకు చూపి, సూదితో నూనె తీసి, తన ఎడమ ముంజేతి మీద ఒక చుక్క పెట్టుకున్నాడు. అది ఎంత వాస్తుంది, ఏ రంగులో వాస్తుంది, బిడ్డ చేతికి వచ్చినదానిలాగే ఉంటుందా అని చూసుకోవాలి. కృష్ణవేణికి ఇది పిచ్చి పనిగా కనబడింది. కానీ ఆ వారంలో మొదటిసారి ఆయన బిడ్డ నుదురు కాకుండా వేరే ఏదో చూస్తున్నాడని ఊరుకుంది.

మర్నాటికి దురద పుట్టింది. ఆ పై రోజుకు ఎర్రబారి బొబ్బ లేచింది. రాత్రి గోకకుండా చేతికి గుడ్డ చుట్టుకున్నాడు. స్కూల్లో పిల్లలు అడిగితే చీమ కుట్టిందన్నాడు. ఇంటికొచ్చి తన చెయ్యీ, బిడ్డ ఎడమ చెయ్యీ పక్కపక్కన పెట్టి చూసుకున్నాడు. అదే ఎరుపు, అదే నల్ల అంచు. వసారాలో నుంచి రుక్మిణమ్మ మెడ చాచి చూసి, "నీకూ బాగానే పట్టిందే రాయుడా" అంది. కృష్ణవేణి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఆయనకు కూడా నవ్వొచ్చింది గానీ బిడ్డ కుడి చెయ్యి చూసేదాకా దాన్ని బయటికి రానివ్వలేదు.

దయామణి ఆ మూడు రోజులూ పుంగనూరులో స్నేహితురాలు ప్రభావతి ఇంట్లో ఉంది. మూడో రోజు పొద్దున్నే వచ్చింది. ముద్దుకృష్ణను వాకిట్లో వెలుతురులోకి తెచ్చారు. కుడి ముంజేతి మీద సూది దిగిన చోటు కనబడలేదు. దయామణి కళ్ళు మూసుకుని బొటనవేలితో మెల్లగా రాసి చూసింది, గట్టితనం ఏమైనా చేతికి తగులుతుందేమోనని. చదునుగా ఉంది.

"ఏమీ లేదప్పా."

"ఇంకోసారి సూడమ్మా."

ఆమె ఇంకోసారి చూసింది. ఆయన చేతిని కూడా తీసుకుని ఆ చోట పెట్టించింది. బిడ్డ తోలు మెత్తగా, ఒక్క తీరుగా ఉంది.

చెంగల్రాయుడు నేరుగా వసారాలోకి పోయి తల్లి చాప చుట్టి లోపలికి తేబోయాడు. రుక్మిణమ్మ చాప వదల్లేదు. మదనపల్లెలో ఎక్స్‌రేకు రమ్మన్న రోజు ఉంది కదా, ఆ ఫోటో ఏదో తనకు తీయించమంది. "అది సూసినాకే లోపలికొస్తా. నువ్వు సదువుకున్నోనివి, రేపు ఇంకో పుస్తకం తీస్తావు" అంది. తీయించారు. ఉమ్మి కూడా పరీక్ష చేశారు. క్షయ లేదు, పొగ పొయ్యి దగ్గర ఏళ్ళ తరబడి కూర్చున్నవాళ్ళకు వచ్చే దగ్గేనన్నారు. బస్సు దిగి ఇంటికి వచ్చీరాగానే ఆమె గడప దాటి లోపలికి పోయి మనవడిని ఎత్తుకుంది. ఆ పూట వాడిని ఎవరికీ ఇవ్వలేదు.

జట్టు పని అంతటితో సులువు కాలేదు. దయామణి ఇప్పుడు సూది వేసేముందే చెప్పసాగింది, ఇది లేవకూడని సూది అని. సాయిబుల వీధిలో ఒకామెను, నేను ఏం చెప్పాను, నువ్వు చెప్పు చూద్దాం అని ఉర్దూలో అడిగితే, ఆమె చక్కగా అప్పజెప్పింది. లేస్తే మంచిది కాదు కాబట్టి లేచేటట్టుంటే గంధం పట్టించి అణచాలని కూడా కలిపి అప్పజెప్పింది. దయామణి తల పట్టుకుంది. మరుసటి ఇంటి నుంచి మాట మార్చింది. ఎట్లా ఉంటే అట్లాగే చూపించండి, లేచినా మీ తప్పు కాదు, లేవకపోయినా మీ గొప్ప కాదు, ఏదైనా సరే దానికి తగిన పని మేము చేస్తాము అని. చెప్పడం అయిపోగానే ప్రతి ఇంట్లోనూ వాళ్ళ మాటల్లో తిరిగి చెప్పించుకుని గానీ చెయ్యి పట్టుకునేది కాదు. దీనివల్ల పని ఆలస్యమవుతోందని డాక్టరు విసుక్కునేవాడు. కుప్పంలో చెడిపోయిన సూదులన్నీ మళ్ళీ వేయాల్సి వచ్చిన తర్వాత విసుక్కోవడం మానేశాడు.

ముద్దుకృష్ణకు టీకా వేసిన రోజు దయామణి ఇంకో చిక్కు విప్పాల్సి వచ్చింది. ఈ టీకా వేసిన చోట కొన్ని వారాలకు చిన్న పుండు లేస్తుంది, రసి కారుతుంది, దానంతటదే మానుతుంది, దానికేమీ పెట్టవద్దని చెప్పింది. రుక్మిణమ్మ విని చేతులు నడుముకు పెట్టుకుంది.

"ఆ సూది లేయకూడదంటివి. ఈ సూది లేయాలంటాండావు. నీ సూదులకు ఒక మాట లేదా సూదమ్మా?"

దయామణి మళ్ళీ మొదటి నుంచి చెప్పింది. మొదటిది అడిగే సూది, రెండోది కాపాడే సూది అని విడదీసి చెప్పింది. రుక్మిణమ్మ దాన్ని తిరిగి చెప్పింది, ఒక చోట తప్పింది, మళ్ళీ చెప్పింది. ఆ సాయంత్రానికి ఆ వీధిలో నలుగురు తల్లులకు ఆమే చెప్పింది. జీడి సంగతి కూడా దాచకుండా చెప్పింది. కొడుకు చేతి మీది మచ్చను సాక్ష్యంగా చూపించింది.

చెంగల్రాయుడికి ఆ తర్వాత కూడా బిడ్డ తుమ్మితే ఒళ్ళు జలదరించేది. ఆ గుణం మారలేదు. ఒకసారి వాడికి చెవి పోటు వచ్చి, దుప్పటి మీద నూనె మరక కనబడినప్పుడు, అరుపు నోటి దాకా వచ్చింది. మింగుకుని, తల్లి పక్కన కూర్చుని, మామూలు గొంతుతో అడిగాడు. వెల్లుల్లి కాచిన నూనె పోశామని ఇద్దరూ చెప్పారు. ఎంత వేడిగా పోశారో కూడా చెప్పారు. ఇంకా పోయవద్దని ఆయన చెబితే, ఎందుకని అడిగారు. చెప్పాడు. విన్నారు. డాక్టరు దగ్గరికి పోయినప్పుడు ఏం పోశారో, ఎంత వేడిగా పోశారో చెంగల్రాయుడు అంతా చెప్పగలిగాడు.

ఆయన చేసింది దయామణి చెప్పినదే. టీకా వేసి ఆమె మదనపల్లె బస్సు ఎక్కే ముందు, బిడ్డను కాపాడుకోవడానికి ఇంకా ఏమేం జాగ్రత్తలు తీసుకోవాలో చెప్పమని ఆయన అడిగినప్పుడు, ఉడకబెట్టడం గురించో ఎండబెట్టడం గురించో చెబుతుందనుకున్నాడు. ఆమె చెప్పింది ఇది:

"బిడ్డ ఒంటి మీద ఏది కనపడినా, ముందు ఏం పెట్టినారని ఇంట్లో ఆడోళ్ళను అడుగప్పా. గొంతు లేపినావంటే ఏమీ లేదంటారు. దప్పికైనప్పుడు చెంబుడు నీళ్ళు అడగతావే, అట్ల అడుగు. వాళ్ళు చెప్పేదంతా చెప్పినాక నీ సదువు తియ్యి."